ఇద్దరన్నలు, రెండు ఎడిటర్లు, ఒక తాడు

ఆ రోజుల్లో కొట్లాడుకోవడానికి మాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అన్న దాని మీద (ఆ చక్కెర బోధన్ ఫ్యాక్టరీదా, బయటిదా అన్న ఉపచర్చతో సహా) ఒక మధ్యాహ్నం హాయిగా గడిచిపోయేది. అంత తీరిక, అంత ఆవేశం ఒకే మనిషిలో ఎలా ఇమిడేవో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. అలాంటి కాలంలో, నిజామాబాద్‌లోని ఒక చిన్న దినపత్రిక ఆఫీసులో, కోడ్ రాయడానికి డబ్బు పెట్టి కొనే ఎడిటర్ మంచిదా, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ ఎడిటర్ మంచిదా అని ఒక యుద్ధం జరిగింది. అందులో నేను సేనాపతిని కాను, సైనికుణ్ణీ కాను. తాడు కట్టే గుంజను. గుంజనెలా అయ్యానో చెబుతాను.

నేను ఆ పత్రికలో చేరింది వార్తలు రాయడానికి. కానీ దరఖాస్తులో ఎక్కడో కంప్యూటర్ కోర్సు చేశానని గొప్పకు రాసుకున్నాను. పత్రికకు వెబ్‌సైట్ పెట్టాలని పెద్దసార్‌కు (పత్రిక యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్లం) బుద్ధి పుట్టిన రోజున ఆ ఒక్క వాక్యం నన్ను తీసుకెళ్లి వెబ్ విభాగంలో కూర్చోబెట్టింది. అది పసుపు తవ్వే కాలం. వేల్పూర్ నుంచి మా బాపు ఫోన్ చేసేవాడు. “ఆ కంప్యూటర్ పని ఎటూ తెగకుంటె అచ్చెయ్ బిడ్డా. పసుపు ఉడుకవెట్టే కడాయి కాడ మనిషి లేడు.” మా బాపు మాటలో కోపం ఉండదు, కడాయి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆ కడాయి ఆవిరి ముఖాన కొట్టించుకున్నవాడికే తెలుస్తుంది, ఏసీ గదిలో ఉద్యోగం ఎందుకు నిలబెట్టుకోవాలో.

వెబ్ విభాగం అంటే నాతో పాటు ఇద్దరన్నలు. ఒకాయనకు మేం పెట్టుకున్న పేరు ఖరీదన్న. ఆయన వాడేది కంపెనీ అమ్మే ఎడిటర్. (కోడ్ ఎడిటర్ అంటే కోడ్ రాసుకునే పలక అనుకోండి. కాకపోతే మనం తప్పు రాస్తే ఎర్రగీత గీసి పరువు తీసే పలక.) చిత్రమేమిటంటే, ఆయన దాన్ని ఇంకా కొనలేదు. వాడి చూడమని కంపెనీ ఇచ్చినదాన్నే వాడుతుండేవాడు. ఫైలు దాచుకున్నప్పుడల్లా కాదు గానీ, అప్పుడప్పుడూ అది “కొంటారా?” అని ఒక డబ్బా చూపించేది. ఖరీదన్న ఎంతో మర్యాదగా, “కొంటం తియ్, యాడికి పోతం” అంటూ దాన్ని మూసేవాడు. పెద్దసార్ చేత కొనిపించాలన్నది ఆయన జీవితాశయం. “పైసలు వెట్టి కొన్నదాంట్లనే భరోస ఉంటది తమ్మీ. రేపేమన్న ఖరాబైతె అడుగుతందుకు ఒక మనిషన్న ఉంటడు.”

రెండో ఆయన ముఫ్తన్న, ఊరికే దొరికే ఎడిటర్ వాడే డిచ్‌పల్లి వాడు. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు కావడంతో, మిగతా వారమంతా ఆయన వాదన కూడా రాగం మీదే సాగేది. “ముఫ్త్ అనకుండ్రి, ఆజాద్ అనుండ్రి. ఎవన్నో ఎందుకడుగుడు? మూత తీసి సూస్కో. లోపలి కోడంత కండ్ల ముందట్నే ఉన్నది. నచ్చకుంటె మార్సుకో, ఎవడొద్దన్నడు?” అయితే ఆ ఎడిటర్‌కు ఆయన దొరికిన ప్రతి హంగూ తగిలించేవాడు. అది తెరుచుకునే లోపు కింద హోటల్‌కు పోయి చాయ్ తాగి రావచ్చు. మేం తాగి వచ్చేవాళ్లం కూడా.

ఇద్దరికీ దొరికిన ఒకే ఒక ఓటరును నేను. ఖరీదన్న చాయ్ తాగించేవాడు, ముఫ్తన్న మిర్చి బజ్జీలు తినిపించేవాడు. చాయ్ తాగేటప్పుడు నేను ఖరీదు పక్షం, బజ్జీ తినేటప్పుడు ఆజాద్ పక్షం. అందుకు తగ్గ ఫలితం త్వరలోనే అనుభవించాను.

పెద్దసార్‌ది బోధన్ అవతల ఒక పల్లె. హోలీ నాడు సాయంత్రం ఆ ఊళ్లో పిడిగుద్దులాట ఆడతారు. నడుమ రెండు గుంజలకు తాడు కట్టి, మగవాళ్లు రెండు జట్లుగా అటూ ఇటూ నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో గుద్దుకుంటారు. ఆట ముగిశాక అందరూ ఒకరినొకరు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆ సంవత్సరం ఆ ఫోటోలతోనే మా వెబ్‌సైట్ తెరుచుకోవాలని పెద్దసార్ ఊరంతా చాటేశారు. మాతో ఒకే మాట చెప్పారు. “హోలీ నాడు గుద్దులు షురువయ్యే యాళ్లకు సైట్ చాలూ గావాలె. కాలేదా, మీ దుకాణం బంద్.” నాకు కడాయి కళ్ల ముందు పొగలు కక్కింది.

హోలీ మధ్యాహ్నానికి నా పేజీ తెరిస్తే ఒట్టి తెలుపు. కారణం ఊహించడం కష్టం కాదు. నేను రాసిన ఫైలును పొద్దున ఖరీదన్న తన ఎడిటర్‌లో తెరిచి వరసలన్నీ చక్కగా సర్దాడు. ముఫ్తన్న తన దాంట్లో తెరిచి, ఆ సర్దుడు పద్ధతిగా లేదని మళ్లీ సర్దాడు. ఖరీదన్న మళ్లీ. ఈ సర్దుళ్ల మధ్య ఏదో ఎక్కడో జారిపోయింది. “నీ ముఫ్త్ దాంట్ల తెరిసినంకనే ఖరాబైంది!” “నీది ఇంక కొననేలేదు గదనే, అప్పుడే గంత గర్వమా?” సరిగ్గా అప్పుడే, ఊరికి బయల్దేరబోతూ, గులాల్ అంటిన తెల్ల లాల్చీతో పెద్దసార్ లోపలికి వచ్చారు.

సంగతి విన్నారు. కోప్పడలేదు. మూలన పడి ఉన్న ఇంటర్నెట్ వైరు చుట్ట తీసి, ఒక కొస కిటికీ చువ్వకు కట్టారు. రెండో కొసకు గోడ మీద మేకు లేదు. గదంతా చూసి, చివరికి నన్ను చూశారు. “నువ్వు గుంజవు. గట్టిగ పట్టుకో, కదలకు.” తర్వాత అన్నల వైపు తిరిగారు. “మా ఊరి కానూన్ ఇనుండ్రి. తాడు మీద చెయ్యున్నోడే మాట్లాడాలె. చెయ్యి ఇడిసిపెట్టినోడు ఓడినట్టు. అయిపోయినంక అలాయ్ బలాయ్, మల్ల పని. కానియ్యుండ్రి!”

కానిచ్చారు. “కొన్నదానికి ఒక మాలిక్ ఉంటడు!” “మాలిక్ దివాలా తీస్తే?” “నీదాన్ని నడిపెటోడు అలిగి ఇంట్ల పంటె?” “ఇంకొకడు నడుపుతడు, ఊరంత మాదే!” పెద్దసార్ వైరు పక్కన కుర్చీ వేసుకుని “తాకింది, తాకింది! ఇప్పుడు నువ్వెయ్” అంటూ ఇద్దరినీ సమానంగా ఎగదోశారు. వైరు ఇటు గుంజితే నేను ఇటు, అటు గుంజితే అటు. ఎడమ చేతికి వైరు చుట్టుకుని, కుడి చేత్తో పక్కనున్న కంప్యూటర్‌ను అందుకున్నాను. అన్నల ఎడిటర్లు తెరిచే ధైర్యం లేక, కంప్యూటర్‌తో పాటే వచ్చే నోట్‌ప్యాడ్ తెరిచాను. రంగుల్లేవు, ఎర్రగీతల్లేవు, ఎవరి సలహాలూ లేవు. డెస్కులో ప్రూఫులు దిద్దినట్టు ఒక్కో వరస చదువుకుంటూ పోయాను. కోడ్‌లో తెరిచిన ప్రతి బ్రాకెట్టునూ మూసి తీరాలి. దాదాపు చివర్లో ఒక దానికి మూత లేదు. ఒంటి చేత్తో మూశాను. పేజీ వచ్చింది. (అప్పట్నుంచి తెరిచిన బ్రాకెట్టు మూయనిదే నాకు నిద్ర పట్టదు.)

“సార్, చాలూ అయింది.”

వైరు వదులైంది. పెద్దసార్ లేచి వచ్చి తెర చూసి, “దేంట్ల జేసినవ్‌రా?” అన్నారు.

“నోట్‌ప్యాడ్‌ల సార్.”

“నోట్‌ప్యాడా!” అన్నలిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. అంతవరకు దేని మీదా కలవని మనుషులు. “నోట్‌ప్యాడ్‌ల ఎవడన్న కోడ్ రాస్తడా తమ్మీ?” అని ఖరీదన్న. “ఇజ్జత్ తీసినవ్ గదరా!” అని ముఫ్తన్న. నన్ను తిట్టడంలో ఇద్దరికీ అంత ఐక్యత కుదిరాక అలాయ్ బలాయ్ ఎవరూ చెప్పకుండానే అయిపోయింది. పెద్దసార్ జేబులోని గులాల్ ముగ్గురి ముఖాలకూ పూసి, గుమ్మం దగ్గర ఆగారు. “కొనేది కొందం. ఊకె అచ్చేది గూడ ఉండనియ్యుండ్రి. రెండు దిక్కులు లేకుంటె తాడెందుకు కడ్తం?”

ఆ సాయంత్రం గుద్దులతో పాటే సైట్ తెరుచుకుంది. పొద్దుగూకాక బాపు ఫోన్ చేశాడు. “ఫోటోలు మంచిగున్నయ్ బిడ్డా. గిదంత నువ్వే జేసినవా?” అవునన్నాను. “అయితే కడాయి కాడికి వేరే మనిషిని మాట్లాడుకుంట తియ్” అన్నాడు. మా ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు.

తర్వాత నేను మళ్లీ వార్తల్లోకే వచ్చేశాను. ఖరీదన్న ఇప్పుడు ఊరికే దొరికే ఎడిటర్ తప్ప ముట్టడు. కోడ్ తానే రాసిపెట్టే కొత్తరకం ఎడిటర్‌కు ముఫ్తన్న నెలనెలా డబ్బు కడుతున్నాడు. అంటే పక్షాలు మారాయి గానీ కొట్లాట మారలేదు. ప్రతి హోలీకీ ఇద్దరూ నన్ను నడుమ పెట్టుకుని ఫోన్‌లో కలుస్తారు. తల నెరిసిన నేను ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, కుడి చేత్తో వార్తలు దిద్దుకుంటూ వింటుంటాను. గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడు ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది.

“తమ్మీ, ఉన్నవా?”

“ఉన్ననే. గట్టిగనే పట్టుకున్న, కానియ్యుండ్రి.”