పిలుపు వింటే మగ్గం దిగిన మా బావ

మా బావ పోయినాడు. మంగళవారం పొద్దున అక్క ఇంటి నుంచి కబురు వస్తే నేను నమ్మలేదు. ముందురోజే నా మగ్గం వదులుగా ఉందని నన్ను నిలబెట్టి తిట్టిన మనిషి. డెబ్బై ఏళ్లవాణ్ని నేను. నన్ను తిట్టేవాళ్లు ఇంకెవరూ మిగలలేదు.

నాకు వచ్చిన అక్షరాలు తక్కువ. అయినా నేనే రాస్తున్నాను. వేరేవాళ్లు రాస్తే ఆయన్ను దేవుణ్ని చేసి కూర్చోబెడతారు. ఆయన దేవుడు కాడు, ముక్కోపి. అంబలిలో ఉప్పు తక్కువైతే వీధంతా వినబడేట్టు అరిచేవాడు. మగ్గం మీద ఒక్కటే పాట పాడేవాడు, అదీ తప్పుగా.

చిన్నప్పుడే అమ్మవారు పోసి బతికినవాడు. ముఖం నిండా మచ్చలే. ఏళ్ల కిందట ఒక ఎండకాలం మా రామన్నపేట వైపు మళ్లీ అమ్మవారు వచ్చింది. నేస్తూ నేస్తూ బావ మగ్గం దిగినాడు. ఎవరో నీళ్లు అడిగినారన్నాడు. చూస్తే వీధిలో ఎవరూ లేరు. "అయితే దేవుడే అడిగిండు" అని కుండ పట్టుకొని ఊరి బయటి మాదిగవాడకు పోయినాడు. అక్కడ గుడిసెలకు వేపమండలు కట్టి ఉన్నాయి, లోపలికి పోయేవాళ్లు లేరు. ఈయన పోయి నీళ్లు తాగించినాడు, పుండ్ల మీద ఈగలు తోలినాడు. బావి దగ్గర స్నానం చేసి ఇంటికొచ్చినాడు. మరునాడూ అంతే. "నీళ్లడిగినోని పేరు గూడ అడగొద్దు" అనేవాడు.

మా సాలెవీధి ఊరుకుంటుందా? పాదిరి మతంలో కలిసినాడని కొందరు, పిచ్చి పట్టిందని కొందరు. కులపెద్ద పిలిపించినాడు.

"నీ చేతులకెళ్లి అమ్మవారు పోగుకు అంటుకుంటది. బట్ట వెంబడి ఇంటింటికి పోతది. మన చీరలు ఎవడు కొంటడు? మానుకుంటవా లేదా?"

"పిలిచినోడు వద్దంటే మానుకుంట. నన్ను మీరు పిలువలే గద!"

ఆయన పడుగు పనికి ఎవరూ పోవద్దని కట్టు పెట్టినారు. ముందుగా తల ఊపింది నేనే.

పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. దాన్ని వీధి పొడవునా చాచి గంజి పట్టించడం ఇద్దరితో అయ్యే పని కాదు. ఇంటికొకరు చెయ్యి వెయ్యాలి. ఎండ ఎక్కకముందే కుంచెతో దువ్వకపోతే పోగులు అంటుకుపోతాయి. ఆ పొద్దు అక్కా బావా ఇద్దరే ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికినారు. మేము అరుగుల మీద కూర్చొని చూసినాం. పడుగు కట్టెలాగా బిగుసుకుపోయింది.

అక్క కుంచె విసిరికొట్టింది. "నీ దేవునికి మా కడుపులు కనబడ్తలెవ్వా?"

బావ పోగులు ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి రాగానే లేచి కుండ తీసుకున్నాడు.

నాలుగు రోజులకు నా పడుగు వంతు వచ్చింది. వీధంతా వచ్చింది. బావ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ముట్టుకోకు" అన్నాను.

"ముట్టనురా బామ్మర్దీ. గా మూలకు గంజి అందలే, జర దువ్వుమను."

చేతులు వెనక్కు కట్టుకొని, పని అయ్యేదాకా ఎండలో నిలబడి, తెగిన పోగులు చూపించినాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన తరువాతి పడుగుకు నేను పోయినాను. "కట్టు తప్పుతవారా?" అని కులపెద్ద అరిచినాడు. "తప్పిన. ఏం జేస్తవో జేస్కో" అన్నాను. ఆనాడు నా వెనక ఇంకో ఇద్దరు లేచి వచ్చినారు. ఆయన నేసిన బట్ట కట్టి ఎవరూ చావలేదు. అయినా తప్పైందని ఆయనతో అన్నవాళ్లు లేరు. నేనొకసారి అనబోతే, "ముందు కుంచె సక్కగ పట్టు" అన్నాడు. మళ్లీ నేను అనలేదు.

బావ పోయిన మూడోనాడు అక్క ఇంట్లో కూర్చొని ఉన్నాం. మాదిగవాడ నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. ఆ ఎండకాలం బావ నీళ్లు తాగించి నిలబెట్టిన పిల్ల, ఇప్పుడు నడివయసుది. గడప బయట ఎండలో నిలబడింది.

"లోపటికి రా బిడ్డా" అన్నది అక్క.

"వద్దవ్వా, ఈడనే ఉంట."

అక్క లేచి ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చింది. ఎదురింటి అరుగు మీద మాటలు ఆగిపోయినాయి. నేను చాప మీద జరిగి జాగా ఇచ్చినాను. ఆమె చాప అంచున మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. పొద్దు వాలేదాకా అక్క ఆ చెయ్యి వదలలేదు.