టోలు లేని దారిలో, పంటు దాకా

మా ఆయన పిసినారి అని ఊరంతా చాటింది నేనే. పుట్టినరోజు పార్టీల్లో, వ్రతం భోజనాల్లో, నలుగురు ఆడవాళ్లు చేరిన ప్రతిచోటా అదే పాట. "నాలుగు డాలర్ల టోలు తప్పించుకోడానికి నలభై మైళ్లు చుట్టు తిప్పుతారమ్మా మా మహానుభావుడు!" అంటే అందరూ పడీ పడీ నవ్వేవారు. ఓ మూల ప్లేటు పట్టుకుని నిలబడి ఆయనా నవ్వేవారు. తప్పు ఒప్పుకుంటున్నారు కాబోలు అనుకునేదాన్ని.

ఆయన ఉద్యోగం రోడ్లు డిజైన్ చేయడం. ముప్ఫై ఏళ్ల పైన చేసి రిటైరయ్యాక, ఆష్‌బర్న్‌లో మా వీధి చివర ఒకాయన అమ్మకానికి పెట్టిన మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, బాత్‌రూము అన్నీ లోపలే ఉన్న బస్సంత బండి. మొదటి రెండేళ్లు హాయిగా తిరిగాం. మూడో ఏడు ఈ టోలు పిచ్చి పట్టుకుంది. మా ఇంటి నుంచి ఎటు బయల్దేరినా ముందు తగిలేది టోల్ రోడ్డే. ఆయన దాన్ని వదిలేసి, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పాత రోడ్డు పట్టేవారు.

"అద్దానికి ఆ ట్యాగ్ అంటిస్తే ఆగక్కర్లేదు కదండీ" అనేదాన్ని.

"నాకు తెలీకుండా నా డబ్బు లాగేస్తారు. వద్దు."

"దాచుకోండి. పోయేటప్పుడు మూటగట్టుకుపోదురు గాని!"

ఎంత మాట! నా నోటికి తాళం వేసేవాళ్లు లేకపోయారు.

ఆ శరదృతువులో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లి, అక్కణ్నుంచి ఇంకా ఉత్తరానికి ఆకుల రంగులు చూడ్డానికి పోదామని అనుకున్నాం. వంటింటి బల్ల మీద మ్యాపు పరిచారాయన. నేను డెలవేర్ తీరం మీద వేలు పెట్టాను. అక్కడ లూయిస్ అనే ఊళ్లో కార్లనీ, మోటర్‌హోమ్‌లనీ ఎక్కించుకుని, అఖాతం దాటించి, అవతల న్యూజెర్సీ వైపు కేప్ మే అనే ఊళ్లో దింపే ఫెర్రీ ఉంది. నేను కోనసీమదాన్ని. మాకది ఫెర్రీ కాదు, పంటు. లారీలూ పెళ్లి బస్సులూ పంటెక్కి గోదారి పాయ దాటడం చూసి పెరిగినదాన్ని. ఈ దేశం వచ్చాక ఒక్కసారీ ఎక్కలేదు.

"పైనుంచి వంతెన మీద న్యూజెర్సీలోకి పోయేటప్పుడు టోలే లేదు. నీ పంటుకి బండి పొడుగు కొలిచి మరీ టిక్కెట్టు" అన్నారు.

"రోడ్లన్నీ మీ ఇష్టం. పంటు మాత్రం నాది. ఒక్కటంటే ఒక్కటి అడిగాను!"

చాలాసేపు మ్యాపు వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి "సరే" అన్నారు. టిక్కెట్టుకి ప్రాణం గిలగిల్లాడుతోంది పాపం అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

వారం రోజులు దారి రాశారు. చెసాపీక్ వంతెనకి టోలు ఉంది కాబట్టి అటు వద్దు. ఫ్రెడరిక్ మీదుగా బాల్టిమోర్ పైనుంచి తిరిగి, ఒక డ్యాము మీద సస్క్వెహానా నది దాటి, డెలవేర్‌లో టోల్ రోడ్డు పక్కనే పోయే పాత రోడ్డు పట్టుకుని కిందికి దిగాలి. మలుపుకొక అట్టముక్క. "ఎర్రకప్పు చర్చి తరవాత ఎడమ." "పెట్రోలు బంకు దాటాక నేరుగా, తిరగకూడదు." ఒకే మలుపు రెండు అట్టల మీద ఉంది. ఇంజనీరు బుద్ధి, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

దారిలో నేను అట్టలు చదవడం, ఆయన తోలడం. మా బండికి నేనే కండక్టర్ని. ఖాళీ ఉంది, పోనివ్వమని చెప్పాలంటే "రైట్ రైట్", ఆపాలంటే "హోల్డాన్". మన బస్సుల భాషే. అమెరికా వచ్చిన కొత్తలో, మొదటి కారు వెనక్కి తీస్తూ సరదాకి మొదలుపెట్టింది మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు అలవాటు కొద్దీ "రైట్ రైట్" అన్నాను. పిల్ల సుబ్బరంగా కుడివైపుకి తిప్పి ఎవరిదో గడ్డి మీద ఆపింది. ఆ రోజు ఆయన నవ్విన నవ్వుకి కళ్లల్లోంచి నీళ్లొచ్చాయి.

మధ్యాహ్నం లూయిస్ చేరాం. ఎండ బాగుంది, నీళ్లు నీలంగా ఉన్నాయి. నేను చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుపోయాను. వరసలో మా వంతు వచ్చింది. ర్యాంపు ఎక్కి లోపలికి వెళ్తే నారింజ రంగు కోటు వేసుకున్న ఒకావిడ రెండు చేతులతో ముందుకి రమ్మని సైగ చేస్తోంది. ఎడమ పక్కన లారీ, కుడి పక్కన ఓడ ఇనప గోడ. ఆయన కదల్లేదు. ఆవిడ చేతుల వంకే చూస్తున్నారు.

"ఏమండీ, రమ్మంటోంది. పోనివ్వండి. రైట్ రైట్!"

ఆయన స్టీరింగు కుడికి తిప్పారు. పూర్తిగా తిప్పారు.

"హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాను. ఆ మాటా ఎక్కలేదు. నా పక్క అద్దం గోడకి రాసుకుని ఫెళ్లున విరిగింది. ఆ కోటావిడ పరిగెత్తుకొచ్చి అరచేత్తో బండి ముందు దబదబా బాదింది. అప్పుడు ఆగారు.

నావైపు తిరిగారు. కోపం లేదు, కంగారూ లేదు. "రైట్ అన్నావు కదే?" అన్నారు.

కళ్లు ఆనడం లేదేమో, చెవులు వినపడ్డం లేదేమో అని సర్దిచెప్పుకోడానికి లేదిక. ముప్ఫై అయిదేళ్లలో ఎప్పుడూ, ఒక్కసారి కూడా, మా ఇద్దరికీ రైట్ అంటే కుడి కాదు.

ఆ కోటావిడ మర్యాదగానే అడిగి, తనే ఎక్కి బండిని సర్ది పెట్టింది. మేం పైకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. పంటు కదిలింది. నేను ఇన్నేళ్లూ కోరుకున్న నీళ్లు రెండు పక్కలా ఉన్నాయి. అటు చూడబుద్ధి కాలేదు.

"ఎప్పట్నుంచండీ?" అన్నాను.

"పోయినేడు. ఒక్కణ్నే వెళ్తున్నా. టోల్ దగ్గర ఏ లైన్లోకి పోవాలో తెలీలేదు. బోర్డు చదివాను. ఇంగ్లీషే, చదవగలిగాను. ఏమంటోందో అర్థం కాలేదు. పర్సు తీస్తే ఏ నోటు ఎంతో తెలీలేదు. వెనక హారన్లు. ఆ బూత్‌లో అమ్మాయి నా పర్సులోంచి తనే తీసుకుని, చిల్లర తిరిగి పెట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పిసినారి అని అందరికీ చెప్తున్నావు కదా. ఆ మాట విన్నప్పుడల్లా, అమ్మయ్య, దీనికింకా తెలీలేదు అనుకునేవాణ్ని."

నలుగురిలో ఉన్నామని కూడా చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన్ని ఎగతాళి చేశాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ఎగతాళి చాటున నా మొగుడు ఒంటరిగా ఎంత భయపడ్డాడో! ఒకే మంచం మీద పడుకుని, ఒకే గిన్నెలో అన్నం తిని, నాకు తెలీలేదు. నాకు! ఆయన తుమ్మితే ఏ పొడి వల్ల తుమ్మారో చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని.

"సోమవారం డాక్టర్ దగ్గరకి వెళ్దాం" అన్నాను.

"వెళ్దాం. అమ్మాయికి మాత్రం ఇవాళ చెప్పకే. ఈ ఒక్క రోజూ."

కేప్ మేలో ఫెర్రీ మనిషే బండిని కిందికి దింపి పార్కింగ్‌లో పెట్టి, తాళాలు నా చేతికిచ్చాడు. నాకు కారు వచ్చు గాని అంత బండి తోలడం రాదు. అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. నువ్వూ మీ ఆయనా వచ్చి మమ్మల్నీ బండినీ తీసుకెళ్లండి అన్నాను.

"వై? వాట్ హ్యాపెన్డ్, అమ్మా?"

"ఏముంది, మీ నాన్న సంగతి తెలీదూ? ఇక్కణ్నుంచి మీ ఇంటికి వచ్చే పార్క్‌వే రోడ్డంతా టోలేనట. ఒక్క పైసా కట్టను, బండి ముందుకి తియ్యను అని భీష్మించుక్కూర్చున్నారు."

అది పకపకా నవ్వింది. "ఓ మై గాడ్! నాన్న సో చీప్, అమ్మా! హౌ డు యూ లివ్ విత్ హిమ్?"

ఆయన నావైపు వంగారు. ఫోన్‌లో వినపడకుండా, చెవిలో, "ఇంకొంచెం తిట్టు" అన్నారు.

తిట్టాను.