వదిన చేతులు ఆగిన పూట

మా వదిన ఎవరితో మాట్లాడినా తల ఎత్తేది కాదు. ఒడిలో తంబాకు చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే జవాబు చెప్పేది. మా ఊరు పెర్కిట్‌లో వాళ్లింటి అరుగు మీద ఎంత గొడవ జరిగినా ఆమె చేతులు ఆగగా నేను చూడలేదు, ఒక్కసారి తప్ప.

అన్న దుబాయిలో ఉండేవాడు. వాళ్ల అమ్మాయి హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చదివేది. నా కొడుకూ అక్కడే.

"ఫీజు కడ్తే చాలు వదినా. తిండి ఖర్చు వాళ్లే సంపాదించుకోవాలె. నావోడు డెలివరీ బండి నడుపుతలేడా? నువ్వు గూడ పైసలు పంపుడు బంద్ చెయ్" అని ఒకరోజు గొప్పగా చెప్పాను.

ఆమె చేతులు ఆగాయి.

"చేన్ల పసుపు పెట్టినంక తవ్వేదాక నీళ్లిస్తం గద మర్దీ. నడుమ ఆపి, నీ నీళ్లు నువ్వే తోడుకో అంటమా?"

"పిల్లలూ పసుపూ ఒకటేనా?"

"కాదు. పసుపు ఎండితే కనవడ్తది. నీ కొడుకు రాత్రంత బండి నడిపి క్లాసుల నిద్రవోతున్నడు. పరీక్ష తప్పిండు. నీకు చెప్పనీకె భయపడి నాకు చెప్పిండు. వాని మెస్ పైసలు నేనే పంపుతున్న. నువ్వొద్దన్నా పంపుత."

తిన్నావా అని వాడిని నేనెన్నడూ అడగలేదు. నా పిసినారితనానికే క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

వారం తర్వాత వదిన దగ్గరికి వెళ్లి, ఇకనుంచి మెస్ డబ్బు నేను పంపుతాను, నువ్వు ఆపెయ్యి అన్నాను.

వదిన తల ఎత్తలేదు.

"నేనెందుకు ఆపుత? నీ పైసలతోని అన్నం తింటడు, నా పైసలతోని పండ్లు తింటడు. నీకేం కష్టం?"