ఆవిడ పలకని పేరు

పలాస డయాలసిస్ సెంటర్లో సూది పెట్టే ముందు పేరు, తండ్రి పేరు, ఊరు రోగి నోటితోనే చెప్పిస్తాను, గొంతు తగ్గించి. పాతవాళ్లకు ఇది వేళాకోళం. "వారానికి రెండుసార్లు సూత్తన్నావు, నా పేరు మరిసిపోనావేటి సిస్టరమ్మా?" అంటారు. మరిచిపోలేదు, నువ్వే చెప్పు అంటాను.

ఒకప్పుడు నాది పెద్ద నోరు. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో రక్తపరీక్షల క్యాంపులు పెట్టేటప్పుడు, బడి వరండాలో కూర్చుని, పేరూ క్రియాటినిన్ అంకే కలిపి వీధి చివరకు వినబడేలా చదివేదాన్ని. కిడ్నీ ఎంత పాడైందో చెప్పే అంకె అది. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. "నాకు రెండున్నర, నీకెంత మావా?" అని వాళ్లే అడిగేసుకునేవారు. ఒకరు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చేవారు, ఇంకొకరు కొంగులో తెచ్చిన జీడిపప్పు నా ఒళ్లో పోసేవారు. ఆ వరండా మీద నాకిప్పటికీ బెంగే.

అక్కడే ఒకావిడ భర్త రిపోర్టు కోసం వచ్చింది. పేరడిగితే తల దించుకుంది. మొగుడి పేరు పలకదు. నాకు విసుగొచ్చింది. ఇంటిపేరు మాత్రం అడిగి, దాన్ని బట్టి ఒక కాగితం తీసి, పేరు నేనే చదివి, "ఈయనేనా?" అన్నాను. "ఊఁ" అంది. అంకె బాగుంది. నవ్వుకుంటూ వెళ్లింది.

ఆవిడ మామగారూ, ఆయన తోడబుట్టినవాడూ తమ కొడుకులిద్దరికీ తాత పేరే పెట్టారని నాకు తెలీదు, నేను అడగనూ లేదు. ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ ఒకటే. తండ్రి పేరు ఒక్కటి అడిగితే తేలిపోయేది. చెడ్డ అంకె కాగితం అందుకున్న రెండోవాడు విశాఖ వెళ్లి మళ్లీ పరీక్ష చేయించుకున్నాడు. బాగానే ఉందనేసరికి మా మిషను పాడైందనుకుని ఊరుకున్నాడు. ఈవిడ భర్త మాత్రం తనకేం లేదనుకుని, తోటపని చేసొచ్చి కిడ్నీలకు పడని నొప్పుల బిళ్లలు మింగుతూ ఏడాది గడిపేశాడు.

కాళ్లు వాచిన ఆయన్ని ఆటోలో పలాస తెచ్చినప్పుడు పాత రిజిస్టరు తీసి చూశాను. ఒకే పేరుతో రెండు వరుసలు, తండ్రుల పేర్లు మాత్రం వేరు. తప్పు నాదేనని వాళ్లకు చెప్పాను.

"నానే ఆ పేరు సెప్పాల్సింది సిస్టరమ్మా," అని ఆవిడ ఏడ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

మొన్న డయాలసిస్‌కి వచ్చినప్పుడు ఆయనకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. బీపీ పడిపోయి నోట మాట లేదు. బ్యాగు మీద పేరు ఉంది, కానీ నేను చదవలేదు. ఆవిడ వైపు చూశాను.

ఆవిడ మంచం కమ్మీ పట్టుకుంది. భర్త పేరు చెప్పింది. మామగారి పేరు చెప్పింది. ఊరు చెప్పింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ రెండు పేర్లూ ఆవిడ నోట రావడం అదే మొదలు.

"సరిపోనాదేటి సిస్టరమ్మా?" అంది.

"సరిపోయిందమ్మా," అని బ్యాగు తగిలించాను.