గడప మీద వేయని చెక్క

కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరికీ కనిపించని బరువు. ఇంట్లోవాళ్ళు నన్ను నెమ్మదస్తురాలంటారు, భక్తురాలంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా అది ఇంకాస్త బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసిన ముఖం ఎదుట ఉంటే ఇది చెప్పలేను.

మా ఇంట్లో ఒక ముసలామె పడింది. తుంటి విరిగింది. ఆ తప్పు మా మరిది భార్య మీద పడింది. అది తన తప్పేనని ఆమె కూడా నమ్మింది, ఇప్పటికీ నమ్ముతోంది. తప్పు నాది.

రాస్తే ఇంతే ఉంది. మరి ఇన్నేళ్ళు ఎందుకు నోరు రాలేదు?

మాది హనుమకొండలో పాతకాలపు ఇల్లు. మందపాటి గోడలు, ఇరుకు తలుపులు, ఎత్తు గడపలు. మా వారికీ మరిదికీ కలిపి వరంగల్ బజారులో బట్టల దుకాణం. మరిది భార్య స్వరూప నర్సు చదువు చదివి, పెద్ద దవాఖానలో పనిచేసి వచ్చింది. మా వైపు తోడికోడలిని యారాలు అంటాం. ఖాళీగా పడి ఉన్న ముందరి గదుల్లో చిన్న నర్సింగ్ హోమ్ నడుపుదామన్నది మా యారాలి ఆలోచనే. ఆపరేషన్ అయి లేవలేని ముసలివాళ్ళు, ఇంటి దగ్గర చూసుకునే దిక్కు లేనివాళ్ళు కొన్నాళ్ళు ఉండి కోలుకుని పోయే చోటు. ఒక డాక్టరుగారు రోజూ వచ్చి చూసిపోయేవారు. మిగిలిందంతా స్వరూపే. నేను వంట చేసేదాన్ని, తినలేని వాళ్ళకు తినిపించేదాన్ని.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి, బయటికి పంపాలంటే అమ్మకు భయం. నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. ఆయనకు తెలిసినవి దేవుడి పుస్తకాలే కాబట్టి నాకూ అవే వచ్చాయి. పొద్దున లేవగానే, ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని దేవుడికి దండం పెట్టుకోమని నేర్పాడు. నల్లాలో నీళ్ళు వచ్చినందుకు, పొయ్యి వెలిగినందుకు, కళ్ళు కనబడుతున్నందుకు. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. స్వరూపను మా ఇంటికి పంపినందుకు కూడా దండం పెట్టుకునేదాన్ని. పెదవులు ఆ మాట అంటూ ఉండేవి. లోపల ఏం ఉడుకుతోందో నాకు తెలియదా? తెలుసు. తెలిసీ ఇంకో దండం పెట్టి దాన్ని కప్పేదాన్ని.

ఏం చూసి అసూయ? చెబితే మీకు నవ్వు రావచ్చు. ఆమె గదిలోకి అడుగు పెడితే మంచాల మీది తలలన్నీ అటు తిరిగేవి. ఎవరికి ఏ గోలీ ఎప్పుడు వేయాలో కాగితం చూడకుండా చెప్పేది. మా వారు తన బీపీ సంగతి నాతో కాక ఆమెతో మాట్లాడేవారు. నేను కాచిన జావలో ఉప్పు ఎంత ఉండాలో కూడా ఆమే చెప్పేది. అదీ ఎంతో మర్యాదగా, "అక్కా, జర తక్కువ ఎయ్యవా" అని. గట్టిగా మాట్లాడి ఉంటే నేను పోట్లాడేదాన్ని. ఆ అవకాశం ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు.

కొమురమ్మ అని ఒకామె ఉండేది. వర్ధన్నపేట దగ్గరి పల్లె. జీవితమంతా పొలం పని చేసిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయి ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరికి వచ్చింది. ఆమెకు అన్నం కలిపి పెట్టింది నేను. తలకు నూనె రాసింది నేను. మధ్యాహ్నాలు పుస్తకం చదివి వినిపించింది నేను. అయినా నన్ను "అమ్మా" అనేది, స్వరూపను "బిడ్డా" అనేది. అమ్మా అంటే మర్యాద. ఇంటి యజమానురాలిని ఎవరైనా అలాగే పిలుస్తారు. బిడ్డా అన్నది వేరు. ఒకసారి నేను ముద్ద పెట్టబోతే నా చెయ్యి ఆపి అంది: "నీ చేతి అన్నం మంచిగుంటదమ్మా. కానీ ఆ పోరి తిట్టుకుంట తినిపిస్తెనే నాకు అరుగుతది." గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ముద్ద పళ్ళెంలో పెట్టేసి వచ్చి, వంటింట్లో నిలబడి చాలాసేపు చెయ్యి కడుక్కున్నాను.

ఆ రోజుల్లోనే అధికారులు వచ్చారు. కొత్తగా కట్టే నర్సింగ్ హోమ్‌లకు ఒక లెక్క, అప్పటికే నడుస్తున్న పాత ఇళ్ళకు ఒక లెక్క ఉంటుందట. పాతవాటిని కూలగొట్టమనరు గానీ, కొంత గడువిచ్చి సరిచేసుకోమంటారు. తలుపులు వెడల్పు చేయాలి. మంచానికీ మంచానికీ మధ్య చక్రాల కుర్చీ తిరిగేంత జాగా ఉండాలి. బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు. ప్రతి గదికీ గాలి వచ్చే కిటికీ. నేల ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా, గడపలు తీసేసి సమంగా ఉండాలి.

స్వరూప టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచింది. ఎప్పుడో మూసేసిన ఒక కిటికీని తెరిపిస్తే గదిలోకి గాలి వచ్చింది. దానికీ దండం పెట్టుకున్నాను. కానీ గడపల దగ్గరికి వచ్చేసరికి అడ్డం తిరిగాను. లోపలి గడపలు తీసేసుకొమ్మన్నాను, వరండాలోకి పోయే పెద్ద గడప మాత్రం కదపొద్దన్నాను. "శుక్రారం శుక్రారం పసుపు రాసే గడప. అది పీకితే లక్ష్మి ఉంటదా ఇంట్ల?" అన్నాను. మా వారు, మరిది వెంటనే తలూపారు. దేవుడి మాట కాబట్టి.

దేవుడి మాటేనా? ఇప్పుడు అడుగుతున్నాను నన్ను నేను. ఇల్లంతా ఆమె కొలతల ప్రకారం మారిపోతుంటే, ఒక్కచోటైనా నా మాట నిలవాలని కాదా? లక్ష్మీదేవిని అడ్డం పెట్టుకుని నేను నిలబెట్టుకున్నది నన్నే కదా?

స్వరూప వాదించలేదు. వడ్రంగం చేసే వడ్లాయనతో గడప మీద కప్పేటట్టు, రెండు వైపులా వాలుగా ఒక చెక్క చేయించింది. దాని మీది నుంచి చక్రాల కుర్చీ సాఫీగా పోయేది. అధికారి దాన్ని చూసి, బోల్టులతో బిగించేయమన్నాడు. అప్పుడు స్వరూప అన్న మాట నేను తలుపు చాటు నుంచి విన్నాను: "బిగిస్తే మా అక్క గడప ఎట్ల కడుగుకుంటది సార్? ఊడదీసి పెట్టేటట్టే ఉండనియ్యుండ్రి. జిమ్మేదారి నాది." ఆయన కాసేపు గొణిగి, పేషెంట్లు తిరిగే వేళ చెక్క లేకుండా కనబడితే ఊరుకోనని చెప్పి వెళ్ళాడు.

నా పూజ కోసం ఆమె ఆ చెక్కను వదులుగా ఉంచింది. ఆ మాట విన్నప్పుడు నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. నా మీద దయ చూపే స్థానం కూడా ఆమెదే అయిందనిపించింది.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే చెక్క తీసి గోడకు ఆనించాను. గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గు వేశాను. పసుపు ఆరింది. చెక్క వేద్దామని లేచాను. లోపల నవ్వులు వినిపించాయి. స్వరూప కొమురమ్మ తల దువ్వుతోంది. ముందురోజు నేను నూనె పెట్టిన తల. కొమురమ్మ అంటోంది, "నువ్వు నా కడుపుల పుట్టేది ఉండె బిడ్డా."

చెక్కను అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను.

ఆమె పడాలని అనుకున్నానా? లేదు. ఇది ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. స్వరూప కుర్చీ నెట్టుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగిపోవాలి, "అక్కా, చెక్క ఎయ్యవా" అని నన్ను పిలవాలి, నేను కాస్త ఆలస్యంగా రావాలి. అంతే కోరుకున్నాను. చాలా చిన్న కోరిక. కానీ కొమురమ్మకు చూపు సరిగా ఆనదని, నేల సమం అయిన దగ్గరి నుంచి కుర్చీ చక్రాలు తన చేతులతోనే తిప్పుకుంటూ ఎండ కోసం వరండాలోకి పోవడం నేర్చుకుందని, అది చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోతోందని నాకు తెలుసు. తెలిసి కూడా వెళ్ళాను.

స్వరూపకు ఫోన్ వచ్చి పక్కగదిలోకి పోయింది. కొమురమ్మ ఒక్కతే బయలుదేరింది. చక్రం గడపకు కొట్టుకున్న చప్పుడు, తర్వాత ఆమె అరుపు వంటింట్లోకి వినిపించాయి.

ఆమెను పెద్ద దవాఖానకు పంపించాక, మా వారూ మరిదీ వెంట వెళ్ళాక, వరండాలో మేమిద్దరమే మిగిలాం. స్వరూప గోడకు ఆనించి ఉన్న చెక్క వైపు చూసింది.

"చెక్క ఎవరు తీసిండ్రక్కా?"

"నేనే తీసిన. ఇయ్యాల శుక్రారం గదా," అన్నాను. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "పసుపు ఆరినంక నువ్వు ఎయ్యమని చెప్పిన గదనే."

"ఎప్పుడు చెప్పినవ్?"

"కొమురమ్మ తల దువ్వుతాన్నవ్ చూడు, అప్పుడు. ఊఁ అన్నవ్."

ఆమె కళ్ళు మూసుకుంది. లేని మాట కోసం తనలో వెతుక్కుంటోంది. నేను చూస్తూ నిలబడ్డాను.

"అన్న కావచ్చు," అంది చివరికి. "నవ్వుకుంట ఉన్న, మనసు పెట్టి ఇనలే. నా దిమాక్ ఏమైందక్కా?" మళ్ళీ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఫికర్ చెయ్యకు. నీ మీదికి రానియ్య," అంది.

రానివ్వలేదు. అధికారుల ముందు, కొమురమ్మ కొడుకు ముందు, మగవాళ్ళ ముందు, చెక్క వేయడం తనే మరిచిపోయానని చెప్పింది. పర్మిషన్ ఆపేశారు. సరిచేసుకుని మళ్ళీ పెట్టుకోవచ్చని డాక్టరుగారు చెప్పినా ఆమె వినలేదు. ముందరి గదుల్లో ఇప్పుడు దుకాణం బట్టల మూటలు ఉన్నాయి. స్వరూప ఎక్కడో దవాఖానలో ఇంకొకరి కింద పనిచేస్తోంది.

అదొక్కటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. కాగితం చూడకుండా అందరి మందులూ చెప్పిన మనిషి, ఇప్పుడు వీధి మలుపు దాకా పోయి వెనక్కి వస్తుంది. "అక్కా, గ్యాస్ బంద్ చేసిన్నా? తాళం ఏసిన్నా?" అని నన్నే అడుగుతుంది. చేసినవు, పో, అంటాను. నమ్మి వెళ్తుంది. తన జ్ఞాపకాన్ని నమ్మదు. నా మాటను నమ్ముతుంది.

కొమురమ్మను చూడటానికి వాళ్ళ ఊరికి వెళ్ళాం, ఇద్దరమూ. మంచంలోనే ఉంది, ఇక లేవదన్నారు. స్వరూప ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. కొమురమ్మ చెయ్యి చాపి ఆ తల నిమిరింది. "ఊకో బిడ్డా. మరుపు రాని మనిషి ఉంటదా? నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు ఏడిస్తే నాకు మంచిగనిపిస్తలేదు." నేను పండ్ల సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపమని రాయాలని ఉంది. కాదు. అసూయ. ఆ క్షమ నాది. నా కోసం పుట్టవలసిన మాట, నా తల మీద పడవలసిన చెయ్యి. తప్పు చేయనిది తీసుకుంటోంది, చేసినదాన్ని నేను చూస్తున్నాను. ఆఖరికి అది కూడా ఆమెకే దక్కింది అనుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే కొమురమ్మ పోయింది. ఇక ఆ మాట అడగడానికి నాకు మనిషి లేదు.

కొమురమ్మ తలకు దెబ్బ తగలనందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను. నిజంగా ఎందుకు పెట్టుకున్నానో దేవుడికి తెలుసు. స్వరూప నన్ను నమ్మినందుకు.

ఈమధ్య డాక్టరుగారు మళ్ళీ వచ్చారు. ఊరి చివర కొత్తగా ఒక హోమ్ కడుతున్నారట, అన్నీ లెక్క ప్రకారం. స్వరూపే చూసుకోవాలన్నారు. నేను చాయ్ ఇస్తూ అక్కడే ఉన్నాను. "నాతోని కాదు సార్. నా మతిమరుపుకు ఇంకొకరి పానం మీదికి తెస్త," అంది. ఆయన నా వైపు చూశారు, పెద్దదాన్ని కదా, ఒక మాట చెప్పమన్నట్టు. ఒక్క మాట చాలు. ఆమెకు మతిమరుపు లేదు, ఎప్పుడూ లేదు. ఆ మాట నా దగ్గరే ఉంది. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను. వస్తూ వస్తూ, పోనీలే, ఆమె మళ్ళీ పెద్దదవ్వదు, అని లోపల ఏదో మూల అనుకున్నాను కూడా. ఇన్నేళ్ళ తర్వాత కూడా. అందుకే ఇవాళ రాయడానికి కూర్చున్నాను. నన్ను చూసి నాకే భయం వేసింది.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబుతానని మీకు మాట ఇస్తే అదీ నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడమే అవుతుంది. మీరు నన్ను మన్నించనవసరం లేదు. మన్నించడానికి అది మీ తుంటి కాదు, మీ జ్ఞాపకం కాదు.

ఆ శుక్రవారం పొద్దున నేను స్వరూపకు ఏమీ చెప్పలేదు. ఆమె ఊఁ అనలేదు.

రాశాను. చెయ్యి ఆగలేదు. ఇది తెలిసిన మనిషిని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరు కూడా.