నిండు కారు కొలత

మా మామగారు పోతూ మాకు వదిలి వెళ్లినవి రెండు. ఒకటి మొండితనం, అది మావారికి వచ్చింది. రెండోది నల్ల కారు, అది ఇంటిల్లిపాదికీ వచ్చింది. అంబాసిడర్ రాకముందు తిరిగిన రకం, వీపు గుండ్రంగా, తలుపులు వెడల్పుగా ఉండేది. రేపల్లెలో మా వీధివాళ్లు దాన్ని ఇంట్లో పెద్దమనిషిని చూసినట్టు చూసేవారు. మర్యాదకేం లోటు లేదు గానీ ఇంజనే లేదు. ఎనభైల చివర్లో ఒకసారి వేడెక్కి పట్టేసింది, ఆ రకం సామాను ఎక్కడా దొరకలేదు. ఏడాదికి పైగా వాకిట్లోనే నిలబడిపోయింది. దాని మీద నేను వడియాలు ఆరబెట్టుకునేదాన్ని.

అమ్మేద్దామని నేను అన్నప్పుడల్లా మావారు వినబడనట్టు పేపరు తిప్పేవారు. హైస్కూలు మాస్టారు కదా, వినబడనట్టు ఉండటం బాగా అలవాటు. మా అత్తగారు మాత్రం, "అమ్మితే నేను బాపట్ల ఎట్టా వెళ్లేది?" అనేవారు.

బాపట్లలో ఆవిడ అక్క ఉండేది. నేను పెద్దత్తయ్య అనేదాన్ని. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మా అత్తగారికేమో మోకాళ్లు వంగవు. బస్సు మెట్టు ఎక్కలేరు. రైలంటే తెనాలిలో మారాలి, అక్కడ వంతెన ఎక్కి దిగాలి. ఆ నల్ల కారు సీటు ఒక్కటే ఆవిడకి కుదిరేది. వెనక్కి తిరిగి దాని మీద కూర్చుంటే, కాళ్లు మేం ఎత్తి లోపల పెట్టేవాళ్లం. అక్కకి జబ్బు చేసిందన్న కబురు వచ్చేసరికే కారు పడకేసింది. అక్కని చూడకుండానే ఎవరో ఒకరం పోతామేమోనని ఆవిడ భయం. ఆ మాట పైకి అనేవారు కాదు గానీ, ప్రతి ఆదివారం గుడి నుంచి రాగానే కారు తలుపు తీసి సీటు దులిపేవారు. అది చూసి చూసి మావారు చివరికి కదిలారు.

తెనాలిలో, అంగలకుదురు వెళ్లే దారిలో ఒక మేస్త్రి షెడ్డు ఉండేది. పాత కార్లకి వ్యానుల డీజిలు ఇంజన్లు బిగించడంలో అతను ఘనుడని చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్లలో అందరికన్నా ముందు అతనే. కారుని ట్రాక్టరుకి కట్టి అక్కడిదాకా లాక్కెళ్లారు. పెళ్లివారి ఊరేగింపులాగా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

ఇంజను బాగానే కూర్చుంది. చిక్కు దాని వెనక వచ్చింది. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు పొట్ట కింద ఒక ఇనప గొట్టం తిరుగుతూ ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. ఇంజను బలం చక్రాలకి అందేది దాని ద్వారానే. వ్యాను గేరుబాక్సు పాతదానికన్నా పొడుగు కాబట్టి పాత షాఫ్టు అక్కడ పట్టలేదు. సరిపోయేది కొట్లో దొరకదు, ఆ కారుకి ఆ ఇంజను పెట్టుకున్నవాళ్లం మేమే కదా. మేస్త్రి కొలత తీసుకుని గొట్టాన్ని కోసి, వ్యాను షాఫ్టు కొసని దానికి అతికించి, వంకర లేకుండా లేతు మిషను మీద తిప్పించి చూసి బిగించాడు.

"షాఫ్టంటే ఇదండీ మాస్టారూ. ఇంక దీని సంగతి మర్చిపోండి," అన్నాడట. మావారు ఒక్కరే నడుపుకుంటూ రేపల్లె వచ్చారు. దారి పొడుగునా చిన్న శబ్దం కూడా లేదని, ఇంజను తనే చేసినంత గర్వంగా చెప్పారు.

ఆ ఆదివారం గుడిలో ప్రార్థన అవగానే బాపట్ల బయలుదేరాం. మావారు, అత్తగారు, నేను, మా ముగ్గురు పిల్లలు, పెద్దత్తయ్య వాళ్లకి ఒక బస్తా బియ్యం. ఊరు దాటీ దాటకముందే కల్వర్టు దగ్గర కారు చిన్న గంతు వేసింది. కింద ధడేల్‌మంది. ఇంకో గుంట, ఇంకో ధడేల్. ఎవరో కింద నుంచి సమ్మెటతో మోదుతున్నట్టుంది. మావారు మొహం మాడ్చుకుని కారు వెనక్కి తిప్పారు. అత్తగారి చేతిలో అక్క కోసం కొన్న మెత్తటి నేత చీర ఉంది.

మర్నాడు మావారు కారుని తెనాలి తీసుకెళ్లారు. దారిలో కిక్కురుమనలేదట. మేస్త్రి తనే నడిపి చూసి, "శబ్దం ఎక్కడుందండీ? మీ చెవుల్లో ఉండుంటది," అన్నాడు. తిరిగొచ్చాక మేమెక్కితే మళ్లీ అదే మోత. మావారు నా వంక అదోలా చూశారు, నేనేదో సీటు కింద దాచినట్టు. నాకు ఒళ్లు మండింది. "కారుకి మీరొక్కరే నచ్చారు. మీరే తిరగండి," అన్నాను.

అప్పుడు మా అత్తగారు లేచారు. "మేమెక్కితేనే గదా అది కొట్టుకునేది. మమ్మల్నే తీసుకుపో. మేస్త్రి తన చెవులతోనే వింటాడు."

అందరం బియ్యం బస్తాతో సహా నత్తనడకన తెనాలి చేరాం. షెడ్డు ముందు గుంటలోనే కారు ధడేల్‌మంది. మేస్త్రి చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "దిగొద్దు, ఎవరూ దిగొద్దు," అంటూ కారు కిందకి దూరాడు. కాసేపటికి కింద నుంచి గట్టిగా తన్ను తానే తిట్టుకోవడం వినబడింది. బయటికొచ్చి, మసి చేతులతో మాకు విడమరిచి చెప్పాడు. షాఫ్టు ముందు కొసన లోపలికీ బయటికీ జారే ముక్క ఒకటుంటుంది. కారులో జనం కూర్చుంటే వెనక బరువు మోసే కమాను పట్టీలు అణిగి, ఇరుసు జరిగి, ఆ ముక్క గేరుబాక్సులోకి పోతుంది. ఇంకా పోవడానికి చోటు లేకపోతే గుద్దుకుంటుంది. అతను కొలత తీసింది ఖాళీ కారుకి.

"మన వైపు ఖాళీగా తిరిగే కారుందా మామ్మగారూ? ఆ మాత్రం తట్టలేదు నాకు," అన్నాడు. అలాగని ఎక్కువ కోసేసినా ప్రమాదమే. ఖాళీ కారు గంతేసినప్పుడు ఆ ముక్క ఊడి కిందపడుతుందట. అందుకని ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కొలవాలి. "బాపట్ల ఎవరెవరు వెళ్తారో అందరూ ఉన్నారా? ఇంకెవరన్నా ఎక్కేదుంటే ఇప్పుడే చెప్పండి."

"ఇంకొకళ్లున్నారు," అన్నారు మా అత్తగారు. "వచ్చేటప్పుడు మా అక్క గూడా ఉంటది. తీసుకొచ్చేస్తన్నా."

మావారు వెనక్కి తిరిగి చూశారు. ఆయనకీ తెలియదు. నాకు మాత్రం కోపం నషాళానికి అంటింది. లేవలేని మనిషికి స్నానం చేయించేదెవరు, పక్క మార్చేదెవరు? ఇంట్లో ఉన్న ఒక్క కోడల్ని నేనే. "నాతో ఒక్క మాట అనాల్సింది అత్తయ్యా," అన్నాను.

"అంటే వద్దంటావని అన్లేదు."

"అంటాను."

"అందుకే," అన్నారు ఆవిడ శాంతంగా.

మేస్త్రి మా గొడవ విననట్టే, ఆ అక్కగారు ఎంత బరువుంటారని అడిగాడు. మా అత్తగారు ఏదో చెప్పబోయి ఆగిపోయారు. "ఒకప్పుడు నాకంటే లావు. ఇప్పుడెట్టా ఉందో నాకేం తెలుసు బాబూ, చూసి ఎంత కాలమైందో." ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూసి నేను కిటికీ వైపు తిరిగాను. కోపం పోలేదు, కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేస్త్రి వెనక ఇంట్లోంచి భార్యని కేకేశాడు. ఆవిడ మంచి దిట్టమైన మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి మా మధ్య ఇరుక్కుని కూర్చుంది. మొగుడు బిగించిన కార్లలో ఆవిడ ఎక్కిన మొదటి కారు అదేనట. అతను కింద కొలుస్తున్నంతసేపూ పిల్లలతో కబుర్లు చెప్పింది, కొలత అయిపోయాక కూడా వెంటనే దిగలేదు.

మేస్త్రి కోసి, అతికించి, మళ్లీ లేతు మీద తిప్పి బిగించాక, ఇంకో ఆదివారం పొన్నూరు మీదుగా బాపట్ల చేరాం. కారు ఎక్కడా కొట్టుకోలేదు. పెద్దత్తయ్య కొడుకు అక్కడ గుమాస్తా. ముందు గదిలో మంచం మీద ఆవిడ పక్షిపిల్లంత ఉంది. ఒళ్లు శుభ్రంగా ఉంది, తల నున్నగా దువ్వి ఉంది. మా అత్తగారు మంచం పట్టె మీద కూర్చుని, అక్క ఎడమ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "మా ఇంటికి వస్తావా అక్కా?" అని అడిగారు. పెద్దత్తయ్య ఆ ఎడమ చేత్తోనే గూట్లో ఉన్న కళ్లజోడు చూపించింది. పెట్టమని.

కొడుకు తల్లిని రెండు చేతులా ఎత్తుకుని కారు దాకా తెచ్చాడు. సీట్లో కూర్చోబెట్టాక ఇక ఆగలేకపోయాడు. "నేను సరిగ్గా చూసుకోటం లేదనా పిన్నీ, తీసుకెళ్తున్నావు?"

"ఛ, నీ అంత బాగా ఎవరు చూస్తార్రా," అన్నారు మా అత్తగారు. "దానికి కాదురా. నాకు. నాకు మా అక్క లేకుండా ఉండటం చేతకావట్లేదు."

నేను లోపలికి వెళ్లి మంచం మీది తలగడ తెచ్చి పెద్దత్తయ్య వీపు వెనక పెట్టాను.