పై ఫ్లాట్‌కి పంపిన చీజు ఉండలు

మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో క్రిస్మస్‌కి సాసేజి చీజు ఉండలు తప్పనిసరి. మాతో ఆరాధనకు వచ్చే గోవా ఆవిడ నేర్పింది. చికెన్ సాసేజీల పైపొర ఒలిచి, చేత్తో మెత్తగా మెదిపి, డబ్బా చీజు తురిమి వేసి, మైదా, గుప్పెడు కొత్తిమీర కలపాలి. నీళ్లు చుక్క కూడా పోయకూడదు. చీజులోనే ఉప్పుంటుంది కాబట్టి వేరే వేయక్కర్లేదు. ఉసిరికాయంత ఉండలు చేసి ఓవెన్‌లో పెడితే ఇరవై నిమిషాల్లో ఎర్రగా కాలతాయి. పచ్చిమిరపకాయలు మాత్రం నేను చేర్చినవి.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పింది. తెలుగు ఎంతైనా చదువుతాను, ఇంగ్లీషు రాదు. మస్కట్‌లో మేముండే ఘుబ్రా పేటలో దానివల్ల ఇబ్బందేమీ కలగలేదు. మేము వెళ్లే కొట్టులో ఏ మాంసం కొన్నా హలాలే, ప్యాకెట్ చూసుకునే పనే లేదు.

మా పై ఫ్లాట్‌లో కడప నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉండేది. ఆ అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. మా పాప పుట్టినప్పుడు నలభై రోజులు నాకు వండిపెట్టి, బిడ్డకు నీళ్లు పోసింది. పరాయి దేశంలో అలాంటి మనిషిని నా నెత్తి మీద నీడలా ఉంచినందుకు ప్రభువుకు రోజూ స్తోత్రం చెప్పుకునేదాన్ని.

తొంభైల చివర్లో క్రిస్మస్ రంజాన్ నెలలో పడింది. "ఈసారి ఖర్జూరం తర్వాత నీ ఉండలే మే," అని అక్క ముందే చెప్పి పెట్టింది.

ఆ ఏడాది మా ఆయన రెండు ప్యాకెట్లు తెచ్చారు. కంపెనీలో తెల్ల మేనేజరు పండక్కి ఇచ్చాడట. "సాసేజీలే, వాడెయ్," అని ఫ్రిజ్‌లో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయారు. కలుపుతుంటే కొవ్వు ఎక్కువగా తగిలింది. ఇంకాస్త మైదా వేశాను. నాలుగున్నరకి, ఇంగ్లీషు బళ్లో చదివే మా పాప చేత ఉండల పళ్లెం పైకి పంపాను.

పాప తిరిగొచ్చి, ఇదేదో కొత్త ప్యాకెట్ అని చెత్తబుట్టలోంచి తీసి చదివింది.

"అమ్మా, దీని మీద పోర్క్ అని ఉంది. అంటే పంది."

పొద్దు గూకడానికి ఇంకా గంట కూడా లేదు. ఉండలు సరిగ్గా కాలలేదని చెప్పి వెనక్కి తెమ్మని పాపను పంపుదామా అనిపించింది. అట్లా చేస్తే ఆమెకు ఎప్పటికీ తెలియదు, నన్ను ఎప్పటిలాగే చూస్తుంది. చేతులు కడుక్కుని నేనే మెట్లెక్కాను.

అక్క వంటింట్లో ఉంది. ఓవెన్ వెలుగుతోంది.

"అక్కా, అవి తినకండి."

"తినేదానికి ఇంకా టైముంది కదమ్మే. ఏం, ఉప్పెక్కువాయనా?"

"కాదక్కా. అది పంది మాంసం. తెలియక చేశాను. ఇప్పుడే పాప ప్యాకెట్ చదివింది."

ఆమె వెంటనే ఓవెన్ ఆపి, తలుపు తీసింది. ఒకే ట్రేలో వేడి చేయడానికి పెట్టిన నా ఉండలు, వాటి పక్కన ఆమె చేసిన సమోసాలు.

"సమోసాలు గూడా దాంట్లోనే పెట్నానే," అంది.

"క్షమించండక్కా."

"నీ కూతురికి ఇంగిలీసు వచ్చె గాబట్టి సరిపాయ. నువ్వు గూడా నేర్చుకోమ్మే, ఇప్పుడన్నా." నవ్వలేదు. "ట్రేతో సహా తీసకపో."

ట్రే కిందికి తెచ్చాను. అక్కడే ఉండిపోవడానికి కాళ్లు ఒప్పుకోలేదు. సబ్బుతో మోచేతుల దాకా మళ్లీ కడుక్కుని, పైకి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాను. ఇఫ్తార్‌కి ఆమె దగ్గర ఖర్జూరాలు తప్ప ఏమీ మిగల్లేదు. నా వంటింట్లోంచి ఏదైనా చేసి తెద్దామంటే పంది ముట్టిన ఆ వంటింటి కడాయి, చాకు ఏవీ పనికిరావు.

అక్క నా వైపు చూడకుండా శనగపిండి జల్లిస్తోంది. కాసేపటికి తన చాకు, పలక బల్ల మీద పెట్టింది.

"ఎర్రగడ్డలు కొయ్. సన్నంగా కొయ్, మీ కోస్తావోళ్లు కోసినట్ల లావుగా కాదు."

ఉల్లిపాయలు ఆమె చెప్పినంత సన్నంగా కోశాను. కళ్లు మండాయి. ఆమె పిండి కలిపి నూనెలో వేసింది. రెండో వాయి తీస్తుండగా అజాన్ వినిపించింది.

ఆమె ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నేను కోసిన ఎర్రగడ్డల పకోడీ ఒకటి తీసుకుని తింది. తర్వాత ఇంకొకటి తీసుకుంది.